ఆవిరిలో వాటా

1971 పాకిస్తాన్ యుద్ధంలో నాన్న విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్ బాయిలర్ రూములో పనిచేశాడు. యుద్ధం గురించి ఎవరు అడిగినా, "నాదేముంది, గేజీ చూసుకుంటూ కూర్చున్నాను" అనేవాడు. చుట్టాలు మురిసిపోయేవారు. ఎంత వినయం, నిమిత్తమాత్రుణ్ణంటున్నాడు చూడండి అనేవారు. ఆయన పోయాక ఆ మాటే నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

అది వినయమా, తప్పుకోవడమా?

అప్పటికి విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్ళొచ్చి పనికిరాకుండా ఉంది. మిగిలిన మూడే ఓడను లాగాలి. ఓడ నడవాలన్నా ఆవిరే, డెక్ మీది నుంచి విమానాన్ని విసిరే కేటపుల్ట్‌కూ ఆవిరే. సీహాక్ విమానాలు వెళ్ళి కాక్స్‌బజార్ మీద, చిట్టగాంగ్ మీద బాంబులు వేశాయంటే, కింద ఆ ఉడుకులో ఎవరో ప్రెషర్ పడిపోనివ్వలేదు కాబట్టే. పైలట్‌కు కనీసం కింద నేల కనిపించింది. నాన్నకు కనిపించింది గేజీలో ముల్లు. కనబడనంత మాత్రాన చేయనట్టేనా? గెలుపు దగ్గర మావాడు చేశాడంటాం, చావుల దగ్గర నిమిత్తమాత్రుడంటాం. రెండూ ఎలా కుదురుతాయి?

ఆ యుద్ధం తప్పని నేననను. తూర్పు బెంగాల్ నుంచి కోటిమంది దాకా ప్రాణాలరచేత పట్టుకుని వచ్చారు. కానీ పని న్యాయమైనదైనంత మాత్రాన అందులో పోయిన ప్రాణాలు లెక్కలోంచి జారిపోవు.

విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని మ్యూజియం చేశాక నాన్నను తీసుకెళ్ళాను. ఇంజన్ల మధ్య దారిలో ఆగిపోయాడు. మనిషి పక్కకు తిరిగితే భుజం తగిలే జాగా. ఒక గేజీ అద్దాన్ని బొటనవేలితో తుడిచి, చాలాసేపు దానివైపే చూశాడు. "ఘాజీలోనూ ఇలాగే ఉండుంటారమ్మా, గేజీ చూసుకుంటూ" అన్నాడు. వెనక జనం తోసుకొస్తుంటే ముందుకు నడిచాడు.

పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ వచ్చింది విక్రాంత్‌ను ముంచడానికి. విక్రాంత్ అండమాన్ వైపు ఉంటే, అది విశాఖ ముంగిట వెతికింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక తొంభైమందికి పైగా మనుషులతో అక్కడే మునిగిపోయింది. మన యుద్ధనౌక రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే ముంచాయని మనవాళ్ళంటారు, లోపలే ఏదో పేలిందని వాళ్ళంటారు. ఏదైనా, ఆ పేలుడుకు విశాఖలోని మా ఇంటి కిటికీ అద్దాలు గడగడలాడాయని అమ్మ చెప్పేది. నాన్న ఎక్కడున్నాడో ఆ రాత్రి ఆమెకు తెలియదు.

నాన్న చెప్పకుండా వదిలేసింది ఏమిటో కురుసురలో తెలిసిందనుకున్నాను. తప్పుకోలేదు, తనలాంటివాళ్ళు అవతలా ఉన్నారని తెలిసి పైకి అనలేకపోయాడు. ఈ మాటే అమ్మతో అంటే ఆమెకు కోపం వచ్చింది. "అది మునిగింది గనకే మీ నాన్న తిరిగొచ్చాడు. ఆ తరవాతే నువ్వు పుట్టావు."

ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయాను, ఇప్పటికీ చెప్పలేను. అండమాన్‌లో ఉన్న ఓడను ఘాజీ ఎలా పట్టుకునేదని వాదించొచ్చు. కానీ అమ్మ మాట్లాడింది దూరాల గురించి కాదు. నాన్న వాటా ఎంతో తేల్చాలని మొదలుపెట్టాను, తేలింది నా వాటా. ఆయనైనా ఆ ఆవిరి పట్టి నిలబడ్డాడు. నేను ఏ పనీ చేయకుండా బతుకు మొత్తం అందుకున్నాను. ఇకమీదట నాన్న యుద్ధం గురించి పిల్లలకు చెప్పేటప్పుడు ఘాజీలోని ఇంజన్‌రూము వాళ్ళ గురించి కూడా చెబుతాను. వాళ్ళను వదిలేసి చెప్పే గర్వం నాన్నది కాదు.