ఏలీయా నడక

వాక్యభాగము: 1 రాజులు 19:1-9



ఉద్యోగరీత్యా బీదరులో స్థిరపడిన ఒక సహోదరుడు, రాత్రులు నిద్ర పట్టుట లేదనియు, గుండె దడగా ఉన్నదనియు మాతో చెప్పెను. "ఇంకా ప్రార్థన చేయండి, విశ్వాసము సడలనియ్యకండి" అని చెప్పి వచ్చితిమి. ఆ మాట తప్పు కాదు గాని చాలలేదు. మరుసటి నెల ఆయన ఆరాధనకు రావడమే మానివేసెను.

కర్మెలు మీద అగ్నిని చూచిన ప్రవక్తే, యెజెబెలు బెదిరింపుకు భయపడి పరుగెత్తెను. బెయేర్షెబాలో దాసుని విడిచి, ఒంటరిగా అరణ్యములోనికి పోయి చావు కోరుకొనెను. దేవుడు అతనిని గద్దించలేదు. నిద్రపోనిచ్చెను. రొట్టె, నీళ్లు ఇచ్చెను. మరల నిద్రపోనిచ్చి, మరల తినిపించి, హోరేబు వరకు నలువది దినములు నడిపించెను. ప్రశ్న అడిగినది ఆ నడక ముగిసిన తరువాతనే!

భయము కలిగినప్పుడు మూత్రపిండములపైనున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అను రసాయనములను రక్తములోనికి వదలును. గుండె వేగము, రక్తములో చక్కెర పెరుగును, కండరములు బిగియును. ఇదంతా పరుగెత్తుటకో, ఎదుర్కొనుటకో సిద్ధపాటు. అయితే మన యెజెబెలులు వేరు: బ్యాంకు నోటీసు, పై అధికారి కోపము, పిల్లల కాలేజీ సీటు. వాటినుండి కాళ్లతో పారిపోలేము. కుర్చీలోనే కూర్చుందుము, సిద్ధపాటు మాత్రము పడకవరకు వెంట వచ్చును. మితమైన నడక ఆ బిగువును సడలించును. కఠినమైన వ్యాయామము అప్పటికి కార్టిసాల్‌ను పెంచినను, క్రమముగా చేయువారి శరీరము త్వరగా నెమ్మదించుట నేర్చుకొనును. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల మితమైన శ్రమ సూచించుచున్నది. అనగా ఐదు దినములు, అరగంట చొప్పున. ఛాతీ నొప్పి గలవారు ముందు వైద్యుని అడుగవలెను. మందులు వాడువారు మానకూడదు.

శరీర సాధకము కొంచెమే ప్రయోజనమని పౌలు తిమోతికి వ్రాయలేదా అని మన పెద్దలు అడుగుదురు. వ్రాసెను. కొంచెమనెను గాని వ్యర్థమనలేదు. ఆ పౌలే, తోటివారు ఓడ ఎక్కి అస్సుకు పోగా, తాను కాలినడకన పోయెను (అపొ. కా. 20:13).

ఈ మధ్య ఆ సహోదరుని ఇంటికి మరల వెళ్లితిమి. ప్రార్థన ముగించి, చెప్పులు వేసుకొమ్మని ఆయనను బయటికి తీసుకొనిపోతిమి. చౌబారా నుండి మహమూద్ గవాన్ మదరసా మీదుగా కోట దర్వాజా వరకు ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. మేమును అడుగలేదు. తిరిగి వచ్చుచుండగా, మదరసా దాటిన తరువాత, ఇంటి అప్పు సంగతి ఆయనే మొదలుపెట్టెను.