లేదని చెప్పే అర్హత

ఒక వస్తువు ఒకచోట లేదని మనిషికి ఎలా తెలుస్తుందన్న ప్రశ్నపై భారతీయ దర్శనాలు శతాబ్దాల పాటు వాదించుకున్నాయి. నేల మీద కుండ లేదన్న జ్ఞానం కంటితోనే కలుగుతుందని, అభావం ఆ నేలకు విశేషణంగా ఇంద్రియానికి గోచరిస్తుందని నైయాయికులు అన్నారు. ఉన్నదాన్ని పట్టుకునే ఇంద్రియానికి లేనిది ఎలా చిక్కుతుందని కుమారిల భట్టు అనుయాయులైన మీమాంసకులు ఎదురుప్రశ్న వేసి, కనబడకపోవడాన్నే అనుపలబ్ధి అనే విడి ప్రమాణంగా, అంటే యథార్థజ్ఞానానికి ప్రత్యేక సాధనంగా నిలబెట్టారు. అద్వైతులు ఈ విషయంలో వారి వెంటే నడిచారు. తెలుగువాడని ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో అభావాన్ని ఏడవ పదార్థంగా, అంటే తత్త్వవిభాగంగా అంగీకరిస్తూనే, ప్రమాణాలు మాత్రం నాలుగేనన్నాడు. ఇన్ని పక్షాల మధ్యా ఒక మాట మీద పేచీ లేదు: కనబడకపోవడం ఒక్కటే చాలదు, ఉంటే కనబడి తీరవలసిన పరిస్థితి కూడా ఉండాలి. దీనికే యోగ్యత అని పేరు. చీకటిగదిలో కుండ కనబడనంత మాత్రాన కుండ లేదని తేలదు. స్వభావరీత్యా కంటికి అందని పిశాచం కనబడలేదు గనుక లేదనడమూ చెల్లదు.

ఈ చర్చ పాతగ్రంథాలతోనే ముగిసిపోయిందనుకునేవారు, నీటిలో దాదాపు కరగని సేంద్రియ రసాయనం ఎంత కరుగుతుందో కొలిచే పనిని దగ్గరగా చూడటం మంచిది. నిర్దిష్ట ఉష్ణోగ్రత వద్ద, అడుగున కరగని పదార్థం ఇంకా మిగిలి ఉండగా, నీరు తనలో నిలుపుకోగల గరిష్ఠ పరిమాణాన్ని ద్రావణీయత అంటారు. మామూలు ఉప్పుకు అది లీటరుకు సుమారు 360 గ్రాములు. 1939లో పాల్ ముల్లర్ కీటకనాశక గుణాన్ని కనుగొన్న డి.డి.టి. విషయంలో, రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తు పెట్టిన పదార్థాన్ని వాడి 1960లో ప్రకటించిన విలువ లీటరుకు 1.2 మైక్రోగ్రాములు, అంటే ఒక గ్రాము కరగడానికి ఎనిమిది లక్షల లీటర్లకు పైగా నీరు కావాలి. వాడుకలో దీన్ని కరగదనే అంటారు, అందులో తప్పు పట్టవలసిందీ లేదు. శాస్త్రం కూడా అక్కడితో ఆగిపోతేనే చిక్కు.

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు శ్వేతకేతువు చేత నీటిలో ఉప్పు వేయించి, మర్నాడు అది కంటికి దొరకనప్పుడు ఆ నీటిని పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి రుచి చూడమంటాడు. అక్కడ కంటికి లేని యోగ్యత నాలుకకు ఉంది. డి.డి.టి. దగ్గర నాలుకా పనికిరాదు కనుక యోగ్యతను పరికరానికి కల్పించాలి, కల్పించిన సంగతిని రుజువు కూడా చేయాలి. అందుకే విశ్లేషకులు తెలిసిన పరిమాణంలో పదార్థాన్ని శుద్ధమైన నీటిలో కలిపి, అదంతా తిరిగి చేతికొస్తుందో లేదో ముందే పరీక్షిస్తారు. ఇటువంటి అణువులు గాజుగోడలకు అంటుకుపోయే గుణం గలవి గనుక, ఈ పరీక్ష లేకుండా తక్కువ విలువ వస్తే నీటిలో లేనిదెంతో, సీసా మింగిందెంతో విడదీసి చెప్పలేరు. 'ఉండి ఉంటే కనబడేది' అన్న వేదాంతుల తర్కానికి ప్రయోగశాలలో ఇంతకంటే నేరుగా సరిపోయే రూపం మరొకటి కనిపించదు.

దీనికి వ్యతిరేకమైన భ్రమ మరింత మోసకరమైనది. గట్టిగా కుదిపిన నీటిలో పదార్థం కంటికి కనబడని సూక్ష్మకణాలుగా తేలుతూ ఉంటుంది. పరికరం అణువులను లెక్కిస్తుందే గాని, అవి కరిగినవా, కణంలో గుంపుగా ఉన్నవా అన్నది దానికి తెలియదు. ఒకదాన్ని మరొకటిగా గ్రహించడాన్ని నైయాయికులు అన్యథాఖ్యాతి అన్నారు. ద్రావణీయత ఉన్నదానికంటే పెరిగి కనబడటం ఆ కోవలోనిదే. లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపు కరిగే పదార్థాలకు ఓ.ఇ.సి.డి. సంస్థ 105వ పరీక్షా మార్గదర్శకం కుదిపే పద్ధతిని పక్కనపెట్టి స్తంభ పద్ధతిని సూచించడం ఈ ప్రమాదాన్ని తగ్గిస్తుంది. గాజుపూసల వంటి జడమైన ఆధారం మీద పదార్థాన్ని పలుచగా పూసి, గొట్టంలో నింపి, దానిగుండా నీటిని మెల్లగా పోనిచ్చి, మొదట వచ్చిన నీటిని పారబోసి, ఆ తర్వాతి నమూనాల గాఢత నిలకడకు వచ్చేదాకా కొలుస్తారు. అంతటితో తృప్తిపడక, ప్రవాహ వేగాన్ని సగానికి తగ్గించి మళ్లీ కొలుస్తారు; విలువ మారితే నీరు సంతృప్తం కాలేదని అర్థం. తర్వాతి జ్ఞానం చేత బాధింపబడనిదే, అంటే కొట్టివేయబడనిదే ప్రమ (యథార్థజ్ఞానం) అని 17వ శతాబ్దపు వేదాంతపరిభాష గ్రంథం చెప్పిన లక్షణాన్ని ఈ రెండో కొలత పరీక్షకు పెడుతుందనడం అతిశయోక్తి కాదు.

ఇక శబ్దప్రమాణం, అంటే నమ్మదగినవారి మాట ద్వారా కలిగే జ్ఞానం, ఈ రంగంలో అన్నిటికంటే బలహీనంగా తేలింది. అమెరికా భూగర్భ పరిశోధన సంస్థ 2001లో డి.డి.టి., దాని నుంచి పుట్టే డి.డి.ఇ.ల ద్రావణీయతపైన, నీటికీ ఆక్టనాల్ అనే సేంద్రియ ద్రావకానికీ మధ్య అవి పంపిణీ అయ్యే తీరుపైన వెలువడిన సుమారు 700 ప్రచురణలను పరిశీలించి, విలువల మధ్య వందరెట్ల నుంచి పదివేల రెట్ల దాకా తేడాలున్నాయని, మూలాన్ని తప్పుగా ఉటంకించడం, పద్ధతిని సరిగా నమోదు చేయకపోవడం తరచుగా జరిగాయని నివేదించింది. ఆప్తవాక్యం చెల్లాలంటే చెప్పినవాడు యథార్థం తెలిసినవాడై ఉండాలి. పట్టిక నుంచి పట్టికకు ఎక్కిన సంఖ్యకు అటువంటి వక్త ఎవరూ మిగలరు.

కొవ్వులో పేరుకునే డి.డి.టి. వంటి పదార్థానికి నీటిలోని ఆ కొద్దిపాటి మైక్రోగ్రాములే చేపల దాకా చేరే దారుల్లో ఒకటి కనుక, ఇది కేవలం తార్కికుల ముచ్చట కాదు. కంటికి అందని వస్తువు కనబడకపోవడం సంశయానికే దారితీస్తుందని బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి తేల్చాడు. ఉష్ణోగ్రత, పద్ధతి, పరికరం గుర్తించగల కనిష్ఠ పరిమితి పక్కన రాయకుండా 'కరగదు' అని మాత్రమే రాసిన పట్టికను కూడా అదే సంశయం కింద లెక్కించాలి.