నచ్చిన మాటకే గట్టి పరీక్ష





మన అనంతపురం సీమలో బోరు వేయాలంటే ముందు పాయింటు చూపించుకోవడం మీ అందరికీ తెలిసిందే. ఒకాయన వస్తాడు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కాయ నిలువుగా లేచిన చోట రాయి పెట్టి, ఇక్కడ వేయండి అంటాడు. కొందరు వేపపుల్ల పట్టుకుని తిరుగుతారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల మనది. శనక్కాయ విత్తి ఆకాశం వైపు చూసే బతుకు. కాబట్టి ఆ రాయి పెట్టిన చోటు మీదే ఇంటి ఆశంతా ఉంటుంది.

మా చిన్నాయన చేనులోనూ ఇట్లాగే చూసినారు. ఆయన పంచశీల తీసుకున్న మనిషి. ఇంట్లో పాత పటాలు తీసేసి బుద్ధుడిదీ బాబాసాహెబ్‌దీ పెట్టుకున్నాడు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. ఊరూరా తిరిగి మూఢనమ్మకాల మీద మాట్లాడేవాణ్ణి, కాయ లేచినప్పుడు నోరు తెరవలేదు. పెద్దాయన్ని నొప్పించడం ఎందుకులే అనుకున్నానని చాన్నాళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం వేరే. నీళ్లు పడాలని నాకూ ఉండింది. ఆ కోరికే నా నోరు మూసింది. ఎనిమిది వందల అడుగులు పోయినా దుమ్మే వచ్చింది. అప్పు మాత్రం మిగిలింది.

తెలియక నమ్మేవాడి సంగతి సరే. తెలిసి కూడా మనం ఎందుకు నమ్ముతాం? ఈ ప్రశ్నకు నాకు జవాబు కొంత ధమ్మంలో దొరికింది. కొంత, నేను ఎదురుచూడని చోట, కణ భౌతిక శాస్త్రవేత్తల పనిలో దొరికింది. నేను చదివింది బి.ఎ. అయినా వాళ్లు పనిచేసే పద్ధతి అర్థం కావడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు.

ముందు మన పొరుగున ఉన్న కోలార్ బంగారు గనులకు పోదాం. ఆ గనులు తవ్వినవాళ్లలో ఎక్కువమంది తమిళ, తెలుగు ప్రాంతాల నుంచి పోయిన దళితులు. అయోతిదాసు పండితులు 1898లో మొదలుపెట్టిన శాక్య బౌద్ధ సంఘానికి 20వ శతాబ్దం మొదట్లోనే అక్కడ శాఖ ఉండింది. అంటే బాబాసాహెబ్ నాగపూర్ దీక్షకు చాలా ముందే ఆ కార్మికుల ఇళ్లలో బుద్ధుడి పేరు వినబడింది.

అదే గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా మౌలిక పరిశోధన సంస్థ వాళ్లు జపాన్, ఇంగ్లండ్ శాస్త్రవేత్తలతో కలిసి 1965లో న్యూట్రినోల జాడ పట్టినారు. న్యూట్రినో చాలా చిన్న కణం. భూమిని ఈ వైపు నుంచి ఆ వైపుకు దాటిపోయినా దాదాపు దేనికీ తగలదు. ఆకాశం నుంచి వేరే కణాలు కూడా వానలాగా పడుతూనే ఉంటాయి. ఆ రొదలో దీని అలికిడి వినబడదు. అందుకే అంత లోతుకు పోయినారు. పైనున్న రాయే జల్లెడలాగా మిగతావాటిని ఆపేస్తుంది. అదే ఏడాది దక్షిణాఫ్రికాలో ఇంకో బంగారు గనిలోనూ న్యూట్రినోల జాడ దొరికింది. అక్కడ గనుల్లో చెమటోడ్చింది నల్లజాతి కార్మికులు. విజ్ఞానం ఎవరి చెమట మీద నిలబడిందో మనం మరిచిపోకూడదు.

ఇప్పటి న్యూట్రినో పరిశోధన ఇంకోరకంగా నడుస్తోంది. అమెరికాలో నోవా అనే ప్రయోగం ఉంది. షికాగో దగ్గర ఫెర్మీల్యాబ్ నుంచి న్యూట్రినోలను నేలలోంచి పంపిస్తారు. 810 కిలోమీటర్ల దూరాన మిన్నెసోటా రాష్ట్రంలో 14,000 టన్నుల యంత్రం వాటి కోసం కాచుకుని ఉంటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ హైదరాబాద్ వాళ్లు కూడా ఇందులో ఉన్నారు. ఈ యంత్రం నేల మీదే ఉంది. పైన కోలార్ రాయి లేదు. ఆకాశం నుంచి సెకనుకు లక్షకు పైగా కణాలు పడుతుంటాయి. ఆ గుంపులోంచి ఏళ్ల తరబడి ఏరితే, వాళ్లు వెతికే రకం న్యూట్రినోలు పదుల్లో దొరుకుతాయి. రాయి చేసిన జల్లెడ పనిలో పెద్ద భాగాన్ని ఇక్కడ కంప్యూటరు చేస్తుంది. మన సెల్‌ఫోను ఫొటోలో ముఖాన్ని గుర్తుపట్టినట్టే, కణం గీసిన గీతల బొమ్మ చూసి అది ఏ రకమో చెబుతుంది. దీన్నే మెషిన్ లెర్నింగ్ అంటారు. నోవా వాళ్లు 2016 నుంచి ఈ పద్ధతి వాడుతున్నారు.

ఆ కంప్యూటరుకు ఎవరు నేర్పినారు? శాస్త్రవేత్తలే. లెక్కల సాయంతో నమూనా బొమ్మలు లక్షల్లో తయారుచేసి, ఒక్కోదానికి చీటీ అంటిస్తారు. ఇది ఎలక్ట్రాన్ రకం, ఇది మ్యూఆన్ రకం, ఇది చెత్త. కంప్యూటరు వాటిని చూసి చూసి నేర్చుకుంటుంది. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. చీటీ తప్పుగా అంటిస్తే ఆ తప్పునే నేర్చుకుంటుంది, పైగా ఎంతో ధీమాగా చెబుతుంది.

బంధువులారా, ఈ ప్రమాదం మనకు కొత్తదా? మనిషి పుట్టకముందే వాని మీద చీటీ అంటించిన దేశం మనది. వీడు పైవాడు, వీడు కిందివాడు, వీడు తాకరానివాడు. తరతరాలు ఆ పాఠమే చదివిన బుర్రకు ఎదురుగా నిలబడిన మనిషి కనబడడు, చీటీయే కనబడుతుంది. మన బుర్రల్లోకీ ఆ చీటీలు కొన్ని దూరినాయి. బాబాసాహెబ్ మనచేత చేయించిన 22 ప్రతిజ్ఞలు వాటిని ఒక్కొక్కటిగా పీకేసే పని.

మరి శాస్త్రవేత్తలు తమ తప్పు పాఠాన్ని ఎట్లా కనిపెడతారు? నమూనా బొమ్మలతోనే ఆగిపోరు. యంత్రంలో నిజంగా పడిన మ్యూఆన్ రకం జాడను తీసుకుని, అందులో మ్యూఆన్ గీతను తీసేసి, ఆ చోట ఎలక్ట్రాన్ గీతను అతికించి కంప్యూటరుకు చూపిస్తారు. జవాబు తమకు ముందే తెలుసు. కంప్యూటరు ఏమంటుందో చూస్తారు.

దానికంటే పెద్ద జాగ్రత్త తమ మీద తాము తీసుకుంటారు. అసలు ఫలితం ఉన్న భాగాన్ని చూడకుండా తామే మూసిపెట్టుకుంటారు. ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అనే నియమాలన్నీ ముందే ఖరారు చేసుకున్నాకే ఆ పెట్టె తెరుస్తారు. ఎందుకంటే జవాబు ముందే కనబడితే, తమకు కావలసిన వైపుకు చెయ్యి తెలియకుండానే జరుగుతుందని వాళ్లకు తెలుసు. దొంగతనం చేసే మనుషులని కాదు, కోరిక ఉన్న మనుషులని. బుద్ధుడు తృష్ణ అన్నది దీన్నే. తృష్ణ దుఃఖాన్ని మాత్రమే కాదు, తప్పుడు లెక్కను కూడా పుట్టిస్తుంది.

2020లో నోవా వాళ్లు తమకు కావలసిన రకం 82 దొరికాయని చెప్పినారు. ఆ మాటతోపాటే, వాటిలో 27 దాకా వేరేవి అయి ఉంటాయని కూడా చెప్పినారు. కొబ్బరికాయ ఆయన ఎప్పుడైనా, నేను చూపిన పాయింట్లలో ఇన్ని ఎండిపోతాయి అని చెప్పినాడా? పడిన బోరు ఆయన గొప్పతనం. పడని బోరు మన కర్మ. ఊళ్లో ఎక్కడ తవ్వినా పదిలో నాలుగు పడతాయనుకుందాం. అప్పుడు కాయ ఉన్నా, లేకున్నా పదిలో నాలుగు పడతాయి. ఆ నలుగురి పేర్లే ఊరంతా తిరుగుతాయి. మిగతా ఆరుగురు వడ్డీలు కడుతూ మౌనంగా ఉంటారు.

తెలివైనవాళ్ల కోరిక కూడా ఫలించనప్పుడు ఏమవుతుంది? 1980లో కోలార్ లోతుల్లో ఇంకో ప్రయోగం మొదలైంది. ప్రోటాను ఎప్పటికైనా విరిగిపోతుందా అని చూడటం దాని పని. కొన్ని జాడలు అట్లాంటివే కావచ్చని ఆ శాస్త్రవేత్తలు ప్రకటించినారు. దొరికి ఉంటే ప్రపంచమంతా చెప్పుకునే సంగతి అది. తర్వాత ఇంతకంటే ఎంతో పెద్ద యంత్రాలతో జపాన్‌లో, అమెరికాలో వెతికినారు. ఇప్పటిదాకా ఎక్కడా ప్రోటాను విరగలేదు. దీంట్లో అవమానం ఏమీ లేదు. ఏం చూసినారో అందరి ముందు పెట్టినారు. ఇతరులు పరీక్షించినారు. ఆ మాట నిలవలేదు.

బుద్ధుడు కేసపుత్త ఊరిలో కాలాములకు ఈ దారే చూపించినాడు. ఎవరో చెప్పినారని, తాతల నుంచి వస్తోందని, గ్రంథంలో ఉందని, చెప్పినవాడు మన గురువని నమ్మవద్దన్నాడు. ఆ జాబితాలో మనం ఎక్కువగా మరిచిపోయే సంగతి ఇంకోటి ఉంది. మన అభిప్రాయానికి సరిపోయింది కదా అని కూడా నమ్మవద్దన్నాడు.

ఇది మన ఇంటి సంగతి. మనువాదం చెప్పే అబద్ధాన్ని మనం వెంటనే పట్టేస్తాం. బాబాసాహెబ్‌ను పొగుడుతూ ఫోనులో వచ్చిన మాటను మాత్రం ఆధారం అడగకుండా పది గ్రూపులకు పంపిస్తాం. నేనూ పంపినాను. ఒక కుర్రవాడు, అన్నా, ఇది ఏ పుస్తకంలో ఉంది అని అడిగితే కోపం తెచ్చుకున్నాను. వెతికితే ఎక్కడా దొరకలేదు. గంటల తరబడి గ్రంథాలయాల్లో కూర్చుని, ప్రతి మాటకూ ఆధారం చూపించిన మనిషికి నేను చేసిన గౌరవం అది!

కాబట్టి ఒక మాట వినగానే మనసు సంతోషంతో ఎగిరితే, అక్కడే ఆగుదాం. మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది నిజం కావాలని నాకు ఎంత ఉంది? తప్పిన లెక్కలు ఎవరైనా రాసిపెట్టినారా? ఇది తప్పు అని తేలాలంటే ఏం కనబడాలి? మూడోదానికి జవాబు లేకపోతే, అది ఇంకా తెలిసిన సంగతి కాదు, ఆశ మాత్రమే. ఆశ ఉండటం తప్పు కాదు. దాని మీద అప్పు తెచ్చి బోరు వేయడమే తప్పు.

చిన్నాయన చేనులో ఆ గొట్టం ఇంకా ఉంది. ఆ దారిన పోయినప్పుడు కాయ పట్టుకున్నాయన మీద నాకు కోపం రాదు. పక్కన నిలబడి మాట్లాడని మనిషి గుర్తుకొస్తాడు. మీ ఇంట్లో, మీ విహారంలో అట్లాంటి రోజు వస్తే, మీరు మాట్లాడండి. మెల్లగా, ప్రేమగా, కానీ రాయి పెట్టకముందే.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.