ఆయుధము విడిచినవాడు

సౌప్తికపర్వ కథ చెప్పుచుండగా, నిద్రించువారిని అశ్వత్థామ చంపుట అధర్మమని తరగతియంతయు నొక్క గొంతుతో పలికెను. ఒక బాలుడు మాత్రము లేచి, "ఏ చట్టములో నట్లున్నదండీ?" అని యడిగెను. నాకు వెంటనే బదులు తోచలేదు.

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో నిది పుస్తకములోని ప్రశ్న కాదు. 2010 జూలైలో నాటి ఆదిలాబాదు జిల్లా యడవిలో మావోయిస్టు నాయకుడు చెరుకూరి రాజకుమార్, పత్రికారచయిత హేమచంద్ర పాండే మరణించిరి. ఎదురుకాల్పులని పోలీసులు, పట్టి చంపిరని హక్కులవాదులు పలికిరి. సుప్రీంకోర్టు 2011లో సీబీఐ విచారణకు ఆజ్ఞాపించెను. ఆ సంస్థ పోలీసుల మాటనే సమర్థించెను. ఆ వివాదము నేను తీర్చజాలను. పట్టుబడినవానిని చంపుట నిషిద్ధమని చెప్పున దేది యన్నదే నా విచారము.

ఆయుధము పోయినవానిని, గాయపడినవానిని కొట్టరాదని మనుస్మృతి యేడవ యధ్యాయమున గలదు. ఆ గ్రంథమున మనము త్యజింపవలసినవి పెక్కు గలవు. ఈ మాట అట్టిది కాదు. ఇట్టి యాచారమే 1949 నాటి జెనీవా ఒప్పందములలో నక్షరరూపము దాల్చినది. వాని యుమ్మడి మూడవ యధికరణము దేశములోపలి సాయుధసంఘర్షణకును వర్తించును. ప్రభుత్వమునే గాక, దానిపై నాయుధమెత్తినవారిని గూడ బంధించును. ఇన్‌ఫార్మరను పేర నిరాయుధుడైన పల్లెవానిని చంపుటయు నీ కట్టడికి విరుద్ధమే. మన ప్రభుత్వ మీ పోరును శాంతిభద్రతల విషయముగనే పరిగణించినది. అయినను పేరు మారినంత మాత్రమున ప్రాణము విలువ మారునా?

భారతదేశ మా ఒప్పందముల నామోదించి, 1960లో చట్టము చేసినది. అది తీవ్రోల్లంఘనలను శిక్షించునే గాని, మూడవ యధికరణపు టుల్లంఘనను ప్రత్యేకముగ పేర్కొనదు. మరి యాచారమునకు మన న్యాయస్థానములలో చోటేది? 1984లో గ్రామఫోను కంపెనీ వ్యాజ్యమున న్యాయమూర్తి చిన్నపరెడ్డి దీనికి సమాధానము చెప్పిరి: పార్లమెంటు చట్టమునకు విరుద్ధము గానంతవరకు అంతర్జాతీయ నియమము దేశన్యాయమున నిముడును, విరోధము గలిగిన దేశశాసనమే నెగ్గును.

ఇచ్చట విరోధమే లేదు. చట్టవిహితమైన పద్ధతి ననుసరించి తప్ప నెవరి ప్రాణమును హరింపరాదని రాజ్యాంగపు 21వ యధికరణము చెప్పుచున్నది. కొరత శాసనమునకు గాదు, విచారణకు. ఎదురుకాల్పుల మరణమున కేసు నమోదు కావలెనని, ఆత్మరక్షణ వాదము విచారణలో తేలవలెనని 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పిచ్చెను. సుప్రీంకోర్టు దానిని నిలిపివేసినను, 2014లో వేరొక వ్యాజ్యమున కేసు నమోదును, స్వతంత్ర దర్యాప్తును, గాయపడినవారికి వైద్యమును విధించెను.

కావున ఆ బాలునకు నా యుత్తర మిది: నాయనా, చట్టములో నున్నది; చట్టమునకు ముందే మన మనస్సులో నున్నది. మనస్సులోనిది చచ్చినచో చట్టము కాగితమే. మన పక్షమువాడు చేసినప్పుడును దానిని తప్పని చెప్పగల ధైర్యము మన యిండ్లలో పుట్టవలెను. అశ్వత్థామను నిందించుట సులభము. మనవానిని నిందించుటయే ధర్మపరీక్ష.