పరిచర్య: ప్రేమా, విద్యా?

మంచాన పడిన మనిషికి ఇంట్లో చేసే సేవ బంధుత్వంతో సంక్రమించే ధర్మమా, లేక పట్టుబట్టి నేర్చుకోవలసిన విద్యా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, లోకం ఎక్కువగా మొదటి వైపే మొగ్గింది. కన్నవారికి కడదాకా స్వయంగా చేసినవాడు తరించాడనీ, డబ్బిచ్చి మరొకరిచేత చేయించినవాడు బాధ్యత దులుపుకున్నాడనీ అనుకోవడం ఖమ్మం పట్టణంలో ఎంత సహజమో, గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల అడవి పల్లెల్లోనూ అంతే సహజం. ఈ భావంలో ఉన్న ప్రేమను తక్కువ చేయవలసిన పనిలేదు. అయితే ప్రేమ ఉన్నంతమాత్రాన చేయి తనంతట తానే సరైన పని చేస్తుందన్న నమ్మకమొకటి దీని అడుగున ఉంది. పరిశీలించవలసింది ఆ నమ్మకాన్నే.

నైపుణ్యంతో కూడిన గృహవైద్య సేవ అంటే, ఆస్పత్రిలో ఉండనక్కరలేకపోయినా వైద్యపరమైన అవసరం ఇంకా తీరని రోగికి, డాక్టరు సూచన ప్రకారం, శిక్షణ పొందిన నర్సు గానీ ఫిజియోథెరపిస్టు గానీ ఇంటికి వచ్చి చేసే పని. పుండుకు కట్టు మార్చడం, మూత్రపు గొట్టం మార్చడం, ముక్కు గొట్టం గుండా ఆహారం పంపే పద్ధతి నేర్పడం, పక్షవాతంతో చచ్చుబడిన కాలుచేతులకు మళ్లీ కదలిక అలవాటు చేయడం ఇందులోకి వస్తాయి. స్నానం చేయించడం, అన్నం తినిపించడం, రాత్రిపూట తోడు పడుకోవడం ఇందులోకి రావు. వాటికి ఇంటివారో, ఒక సహాయకురాలో చాలు. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమా సైతం ఈ తేడాను పాటిస్తూ, డాక్టరు రాసిస్తే నర్సు వచ్చి వెళ్లే ఖర్చు భరిస్తుంది గానీ, రాత్రింబవళ్లు ఇంట్లో ఉండే మనిషికి జీతం ఇవ్వదు. అంటే అంత సంపన్న దేశంలోనూ నర్సు వెళ్లిపోయాక మిగిలిన గంటలన్నీ కుటుంబానివే.

సేవకు ప్రేమ చాలునా, విద్య కావాలా అన్న ప్రశ్నకు మన ప్రాచీన వైద్యశాస్త్రం ఇచ్చిన జవాబు ఆలోచించదగినది. చరకసంహిత సూత్రస్థానంలో చికిత్సకు వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అని నాలుగు పాదాలు చెప్పి, పరిచారకుడికి నాలుగు గుణాలు నిర్ణయించారు. అవి ఉపచారజ్ఞత, అంటే సేవ ఎలా చేయాలో తెలిసి ఉండడం. దాక్ష్యం, అంటే తెలిసినదాన్ని చురుకుగా, నేర్పుగా చేయగలగడం. అనురాగం, అంటే రోగిపై ఆపేక్ష. శౌచం, అంటే శుభ్రత. ఆపేక్ష లేకపోతే ఆ పాదం కుంటిదేనని శాస్త్రం ఒప్పుకుంది గానీ, ఆపేక్ష ఒక్కటే చాలునని ఎక్కడా అనలేదు. ఆ నాలుగింటిలో కొడుకై ఉండాలన్న నియమం లేకపోవడమూ గమనించవలసిందే.

ఆపేక్ష ఒక్కటే చాలకపోవడం ఎలా ఉంటుందో భద్రాచలం చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా జరగగల ఒక సంగతిలో స్పష్టంగా కనిపిస్తుంది. పక్షవాతం వచ్చినవారిలో చాలామందికి తొలిరోజుల్లో మింగే శక్తి దెబ్బతింటుంది. ఇంటికి తెచ్చిన పెద్దాయనకు రాములవారి గుడి నుంచి తీర్థం తెచ్చి, వెల్లకిలా పడుకుని ఉండగానే ఉద్ధరిణెతో నోట్లో పోయడం భక్తి కొద్దీ, ప్రేమ కొద్దీ చేసే పనే. కానీ మింగుడుపడని ఆ నీరు గొంతులో దారితప్పి ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. కొందరికి దగ్గైనా రాదు కాబట్టి చుట్టూ ఉన్నవారికి ఏమీ తెలియదు. తర్వాత జ్వరం, ఆయాసం మొదలై న్యుమోనియాగా తేలుతుంది. శిక్షణ పొందిన నర్సు తీర్థాన్ని కాదనదు. తల, వీపు ఎత్తి కూర్చోబెట్టి మింగుడు సరిగా ఉందో లేదో చూసేవరకూ నోట్లో ఏమీ పోయవద్దంటుంది. అదే తీర్థంలో తడిపి గట్టిగా పిండిన దూదితో పెదవులు తుడవమంటుంది. ఆచారానికి లోటు రాలేదు, ఊపిరికీ రాలేదు. భక్తికీ వైద్యానికీ మధ్య ఉందనుకునే విరోధంలో చాలా భాగం ఇలా ఒక చిన్న పని తెలియకపోవడం వల్ల పుట్టినదే.

పడకపుండ్ల విషయంలో ప్రేమకూ విద్యకూ ఉన్న సంబంధం మరింత లోతుగా తెలుస్తుంది. కదలలేని రోగిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలన్నది అందరూ వినే మాటే. నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద చర్మం ఎర్రబారడం మొదటి గుర్తు అంటారు. నల్లని ఒంటిమీద ఆ ఎరుపు కనబడదు కనుక, అరచేతి వెనుక వైపు ఆనించి ఆ చోటు చుట్టుపక్కలకంటే వెచ్చగానో గట్టిగానో ఉందేమో చూడవలసి ఉంటుంది. వారానికోసారి వచ్చే నర్సుకు ఆ వెచ్చదనం సకాలంలో అందదు. రోజూ తాకే చేయి ఇంటివారిదే, దానికి చూపునిచ్చేది నర్సు చదువు.

డబ్బు తీసుకుని చేసే సేవ సేవేనా అన్న సందేహానికి బౌద్ధం దగ్గర ఒక ఆధారం ఉంది. రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న పుట్టిన నేలకొండపల్లిలోనే ఒక ప్రాచీన బౌద్ధ స్తూపం ఉండడం వల్ల ఈ ప్రాంతానికి ఆ ధర్మం పరాయిదేమీ కాదు. అతిసారంతో తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్షువును తోటివారు పట్టించుకోకపోతే, బుద్ధుడు ఆనందుడి సాయంతో స్వయంగా కడిగి పడుకోబెట్టి, తల్లీతండ్రీ దగ్గరలేని మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని భిక్షువులను అడిగినట్లు వినయపిటకం చెబుతుంది. మందు సిద్ధం చేయగలగడం, పథ్యాపథ్యాలు తెలియడం, లాభం కోసం కాక దయతో చేయడం, మలమూత్రాలను అసహ్యించుకోకపోవడం, మంచిమాటతో ధైర్యం చెప్పగలగడం సేవకుడి గుణాలని అక్కడే నిర్దేశించారు. లాభాపేక్ష వద్దన్నారు కదా అని జీతాన్ని తప్పుపట్టడం పొరపాటు. చేసిన కష్టానికి కూలి తీసుకోవడం వేరు, రోగి నిస్సహాయతను సొమ్ము చేసుకోవడం వేరు. అసహ్యపడకుండా పుండు కడిగే జీతగత్తె, ముక్కు మూసుకుని గుమ్మంలో నిలబడే వారసుడికంటే ఆ ధర్మానికి దగ్గరగా ఉంటుంది.

భద్రాచలం పక్కనున్న ఎటపాకను జటాయువు పడిన చోటుగా స్థానికులు భావిస్తారు. రామాయణంలో రాముడు రక్తసంబంధం లేని ఆ పక్షికి సొంత బంధువుకు చేసినట్టే దహనసంస్కారం చేసి, గోదావరిలో ఉదకం వదిలాడు. అవసరంలో ఉన్నవాడి పక్కన నిలబడి చేయవలసింది చేసినవాడే బంధువవుతాడన్న భావం ఈ నేలమీద ఇంత పాతది.

అదే ఎటపాక 2014లో పోలవరం ప్రాజెక్టు కారణంగా ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. దగ్గరి పెద్దాస్పత్రి ఉన్న భద్రాచలం తెలంగాణలో మిగిలింది. అందువల్ల ఎటపాక రోగికి ఆపరేషన్ చేసే ఆస్పత్రి ఒక ప్రభుత్వానిది, ఇంటికి తిరిగొచ్చాక చూడవలసిన ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఇంకో ప్రభుత్వానివారు అయ్యారు. నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ సేవలకు 2012లో జాతీయ కార్యక్రమం వచ్చింది. తెలంగాణలో ‘ఆలన’ పేరుతో ఇళ్లకు వెళ్లే వాహనాలూ ఉన్నాయి. ఇవి మంచి ప్రయత్నాలే గానీ, అడవి లోపలి కోయ, కొండరెడ్డి గూడేలకు దారి పొడవునా ఆటంకాలే. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఏ వాహనమైనా ఎలా వెళ్తుంది? నొప్పి ఎక్కడో, ఎలాంటిదో కోయభాషలోనే చెప్పగలిగే ముసలమ్మ మాట అర్థం కాని నర్సు, దాక్ష్యం ఎంత ఉన్నా సగమే చేయగలదు.

కాబట్టి నర్సు చదువులో కొంత భాగం ఆ ఇంట్లోనే ఉండిపోవాలి. ఆ భారం మళ్లీ ఒక్క కోడలి మీదో, బడి మానేసిన ఆడపిల్ల మీదో పడకుండా మగవారూ నేర్చుకోవాలి. ఇది మర్యాదకు చెప్పే మాట కాదు, రోగిని రెండు గంటలకోసారి తిప్పడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. రోగిని ఇంటికి తీసుకెళ్లేవారు డిశ్చార్జి కాగితాలు అందుకోకముందే, కట్టు మార్చడం, గొట్టంలో ఆహారం పోయడం, పక్కకు తిప్పడం నర్సు ఎదుట తమ చేతులతో ఒకసారైనా చేసి చూపాలి. ఇంట్లో కనీసం ఇద్దరు చేయగలిగేవరకూ నేర్పమని అడగాలి. అలా అడగడం రోగి హక్కు, నేర్పడం ఆస్పత్రి విధి.