గలిలయుల నాలుకలే తిరిగెను
ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 2:1-11

కోల్‌కతాకు తూర్పున నున్న సాల్ట్ లేక్‌లో ఏఏ, ఏబీ అని పేటలకు అక్షరములే పేర్లు. యుగోస్లావియా నిపుణుల ప్రణాళిక ప్రకారము, 1962 మొదలు హుగ్లీ నది ఒండ్రును గొట్టములగుండ పంపి, ఉప్పునీటి పల్లమును పూడ్చి కట్టిన పట్టణమది. పటముమీద పేటలన్నియు ఒకే అచ్చున పోసినట్లుండును. ఇండ్లలోని మాట మాత్రము ఒకటి కాదు. జీవనోపాధికై అచ్చట కాపురమున్న తెలుగు విశ్వాసి అంగడిలో బెంగాలీయు, కార్యాలయములో ఇంగ్లీషును మాటలాడి, మోకాళ్లూనినప్పుడు తెలుగులో కన్నీరు విడుచును.

అందరిదియు ఒకే భాషయైన సంఘమునకెంత సులువని తలంచువారు కలరు. బాబెలువారు కోరినదియు ఆ సులువే. పెంతెకొస్తు దినమున పరిశుద్ధాత్ముడు అట్లు చేయలేదు. పార్తీయులు, ఎలామీయులు తమ భాషను విడువనక్కరలేకపోయెను. గలిలయుల నాలుకలే తిరిగెను. ప్రయాసము వినువారిది కాదు, చెప్పువారిది.

అదే హుగ్లీ ఒడ్డున, ఎగువనున్న సెరాంపూరులో విలియం కేరీ ఈ ప్రయాసమునే మోసెను. ఆయన తెలుగుదేశములో కాపురమున్నవాడు కాడు. 1812 మార్చిలో ముద్రణాలయము కాలిపోగా, తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు బూడిదయ్యెను. తెలుగువారే ఇంగ్లీషు నేర్చుకొందురని ఆయన ఊరకుండవచ్చును గదా! ఊరకుండలేదు. 1814లో వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్త నిబంధనయు అచ్చయి వెలువడెను.

ఇటుకబట్టీ పనికో, కట్టడపు పనికో ఒడిశానుండి వచ్చి మీ మందిరములో వెనుకవరుసను కూర్చున్న సహోదరుడు ఏ భాషలో ప్రార్థించునో యెన్నడైనను అడిగితిరా? వచ్చు ఆదివారమున అతని భాషలో ఒక కీర్తన పాడుమని వేడుకొనుడి.