సెలవు దినములలో దాసోహము

దానమునకును దాసోహమునకును గల భేదము చిన్నది కాదు. దాత తాను ఇచ్చువాడనని తలచును. దాసోహము చేయువాడు తాను దాసుడనని తలచును. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమునందు బసవేశ్వరుడు బోధించిన ఈ భావమును నేటి కళాశాల విద్యార్థుల సేవాశిబిరములకు అన్వయించి చూడవలసియున్నది.

గాంధీజీ శతజయంతి సంవత్సరమగు 1969లో, సెప్టెంబరు 24న, జాతీయ సేవా పథకము 37 విశ్వవిద్యాలయములలో ఆరంభమయ్యెను. ఇందు చేరిన విద్యార్థి రెండేండ్లపాటు ఏటికి 120 గంటలు సేవ చేయవలెను. సెలవులలో దత్తత గ్రామమున ఏడు దినముల శిబిరము జరుగును. అధ్యాపకుడు వెంటనున్నను జట్లను నడపువారు విద్యార్థులే. ‘నేను కాదు, నీవు’ అనునది దీని ధ్యేయవాక్యము. శరణమార్గమెరిగిన కుటుంబములకు ఈ మాట క్రొత్తగా తోచదు.

అయితే కళాశాలకు సెలవు వచ్చినప్పుడు పల్లెకు సెలవు రాదు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో దసరా మొదలు సంక్రాంతి వరకు పత్తి యేరు కాలము. వేసవి వచ్చునప్పటికి గోండు, కొలాము గూడెములలో తెల్లవారకమునుపే ఇప్పపూవు ఏరుటకు పోవుదురు. ఆ వెనుక తునికాకు సేకరణ. అట్టి దినములలో పగటివేళ అక్షరాస్యతా తరగతి పెట్టినచో పరచిన చాపలే మిగులును! కరీంనగరము వైపు పల్లెలలో మాత్రము వేసవి చెరువు పూడిక తీయుటకు అనువైనది. అదియును ఎండ ముదరకమునుపే. ఏ పని, ఏ వేళ అనునది గ్రామపెద్దలను, ముఖ్యముగా స్త్రీలను అడిగి తెలిసికొనవలెను గాని పట్టణమున కూర్చుండి వ్రాసికొని పోరాదు.

అడిగి, నేర్చి, పిమ్మట చేయుటకు ఆ అడవులలోనే ఒక నిదర్శనము కలదు. 1940ల దశకమున హైమెన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో గోండులతో కలిసి నివసించిరి. అచ్చట గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము వెలసెను. గోండి భాషలోనే వాచకములు సిద్ధమయ్యెను. బయటివారు వచ్చి చదువు చెప్పుట కాక, గోండులే గోండు బిడ్డలకు గురువులైరి. 1987లో మరణించిన బెట్టీ ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే యున్నది. ఏడు దినములకై పోవు విద్యార్థికి అంతటి సాన్నిహిత్యము లభింపదు. అయినను గోండిలో పది మాటలు నేర్చి పోవుటకు అడ్డేమి?

ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపుగింజలు ఏరి జంగమార్చన చేసెడివాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినందున భార్య లక్కమ్మ అంగీకరింపక, హెచ్చు బియ్యమును తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. సేవలో చేరు ప్రమాణపత్రపు ఆశ, ఛాయాచిత్రపు ఆశ ఆ హెచ్చు గింజల వంటివే. శిబిరపు వంటకు కావలసిన బియ్యము, పప్పు పల్లెపై భారము వేయక, సమీపమందలి మఠములు సమకూర్చుట ఉచితము.

ఏడవనాడు జట్టు తిరిగివచ్చును. నాటిన మొక్కకు ఎనిమిదవనాడు నీరు పోయునది ఎవరు? ఈ ప్రశ్న బయలుదేరకమునుపే గూడెము పెద్దల యెదుట తేలవలెను. మరుసటి సెలవులలో అదే గూడెమునకు మరల పోవు జట్టు ఏదో అప్పుడే నిర్ణయము కావలెను.